కర్రపలక

కంచెలక్క అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఫుట్‌పాత్‌లు తవ్వి మళ్ళీ పోసే ముఠాలో కంచెల పని ఆమెది కాబట్టి అందరికీ కంచెలక్క అయిపోయింది. పొద్దున్నే అందరికంటే గంట ముందు రావాలి. తవ్విన గుంట చుట్టూ కంచె నిలబెట్టాలి. రోడ్డు అంచున జనం నడవడానికి తాత్కాలికంగా దారి వదలాలి, ఆ దారి రెండు చివర్లా ఎక్కడానికీ దిగడానికీ ఇనప రేకులు వాలుగా వేయాలి, బాణం గుర్తుల బోర్డులు పెట్టాలి. సాయంత్రం మిగతావాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక మళ్ళీ ఒక చుట్టు తిరిగి అన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఇంత చేస్తే దారిన పోయేవాళ్ళలో ఒక్కరైనా బాగా కట్టావమ్మా అన్నారా? అనలేదు. తిట్టినవాళ్ళకి మాత్రం లెక్కలేదు. పిల్లల బండి తోసుకొచ్చే తల్లి దారి ఇరుకంటుంది. కొట్టువాడు నా గుమ్మానికి అడ్డమంటాడు. ఆఫీసుకి పరుగెత్తే మనిషికి మాట్లాడే తీరికైనా ఉండదు, కంచెని కాలితో ఒక్క తన్ను తన్ని పోతాడు. ఆమె అందరికీ తల ఊపేది. ఎదురు చెప్పే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ముఠాకి మేస్త్రీ ఆమె సొంత తమ్ముడే. తొమ్మిదేళ్ళు చిన్నవాడు. తల్లి మంచం పట్టినప్పుడు వాణ్ణి ఎత్తుకుని తిప్పింది ఈవిడే, పెద్దయ్యాక తట్ట పట్టించి పనిలో పెట్టిందీ ఈవిడే. ఇప్పుడు వాడు అక్కమీదే అధికారం చేస్తున్నాడని పనివాళ్ళు ఆటపట్టిస్తే, "ఇంట్లో నా మాట వాడు వింటాడు, ఇక్కడ వాడి మాట నేను వింటాను, చెల్లుకి చెల్లు" అనేది.

కంచె అంటే అదేదో పెద్ద విద్య కాదు. నడుమెత్తున ఒక అడ్డకర్ర, నేలని ఆనుకుని ఒక పలక. పై కర్ర కళ్ళున్నవాళ్ళకి. కింది పలక చూపులేనివాళ్ళకి. వాళ్ళ చేతికర్ర నేలమీద అటూ ఇటూ ఊగుతూ వచ్చి ఆ పలకకి తగులుతుంది, మనిషి ఆగుతాడు. పలక లేదనుకోండి, కర్ర పై అడ్డు కిందనుంచి సాఫీగా గుంటలోకి పోతుంది, దాని వెనకే మనిషీ పోతాడు. అందుకే ముఠాలో దాన్ని కర్రపలక అంటారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కాంక్రీటు పక్కకి జారకుండా అంచున నిలబెట్టే సెంట్రింగ్ పలకకీ దీనికీ రవ్వంత తేడా లేదు. అదే చెక్క, అదే పొడవు, అదే మందం. పైగా కొక్కేల్లో పెట్టి ఉంటుంది కాబట్టి పైకెత్తితే చాలు, చప్పుడు కూడా లేకుండా ఊడి వస్తుంది. సెంట్రింగుకి పలక తక్కువైనప్పుడల్లా అందరి కళ్ళూ కంచెమీదికే పోయేవి. "అక్కా, ఒక్క పావుగంట" అనేవాళ్ళు. ఆమె ఇచ్చేది.

ఈసారి పని పడ్డ వీధిలో ఒక పక్క పొడుగాటి గోడౌను గోడ, అటు ఫుట్‌పాతే లేదు. ఇటు పక్క బ్యాంకు, లాండ్రీ, కళ్ళజోళ్ళ షాపు, చిట్టచివర ఒక క్లినిక్. క్లినిక్‌లో ఫోన్ల దగ్గర కూర్చునే ఆపరేటర్ గారికి చూపు లేదు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో తెల్ల కర్ర. రోజూ పొద్దున ఎనిమిదీ నలభైకి ఠంచనుగా ఆ దారిన వస్తాడు. మొదటి రోజు కంచె దగ్గర ఆగి, కర్రతో పలకని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తట్టుకుంటూ నడిచి, "ఎవరండీ ఇది కట్టింది?" అని అడిగాడు. కంచెలక్క తిట్లకి సిద్ధపడి ముందుకొచ్చింది.

"చాలా బాగా కట్టారు. కింద ఎక్కడా సందు లేదు" అన్నాడాయన.

పద్దెనిమిదేళ్ళకి మొదటి మెచ్చుకోలు, అదీ చూపులేని మనిషి నోటినుంచి. ఆ రోజంతా ఆమెకి కాళ్ళ నొప్పి తెలియలేదంటే నమ్మండి. ఇంటికెళ్ళి తమ్ముడి భార్యకి చెప్పింది, పక్కింటావిడకీ చెప్పింది. మర్నాటినుంచి ఎనిమిదిన్నర అయ్యేసరికి ఒకసారి కంచె అంతా తిరిగి, వాలు రేకుమీద మట్టి ఊడ్చి ఉంచేది. ఆయన వస్తూ "కంచెలక్కగారూ, ఉన్నారా?" అనేవాడు. "ఉన్నానండి, రండి" అనేది. అంతే వాళ్ళ పరిచయం.

అయిదో రోజు కాంక్రీటు లారీ ఏడున్నరకే వచ్చేసింది. లారీ వచ్చిందంటే ఇక ఎవరి మాటా వినదు, లోపల మాలు గట్టిపడకముందే పోసెయ్యాలి. సెంట్రింగు ఇంకా రెండు మీటర్లు మిగిలి ఉంది, పలకేమో లేదు.

"అక్కా, ఆ కర్రపలక ఇలా అందించు. పావుగంటలో ఇంకోటి తెప్పిస్తాను" అని తమ్ముడు కేకేశాడు.

ఆమె గడియారం చూసుకుంది. ఆపరేటర్ గారు వచ్చేది ఎనిమిదీ నలభైకి కదా, ఇంకా గంట పైన ఉంది అనుకుంది. మొదటి వాలు పక్కన ఉన్న పలకని తన చేత్తోనే పైకెత్తి ఇచ్చేసింది. లారీ వెనక్కి వస్తుంటే బండ్లు ఆపడానికి ఎర్రగుడ్డ పట్టుకుని రెండో చివరికి వెళ్ళింది. ఊళ్ళో చూపులేని మనిషి ఆయనొక్కడే అయినట్టు, ఆ ఒక్కడూ ఎనిమిదీ నలభైకి తప్ప ఇల్లు కదలనట్టు లెక్కవేసుకుంది చూడండి, అక్కడే దెబ్బతింది. ఆ రోజు క్లినిక్‌లో ఎనిమిదింటికి ఏదో మీటింగు పెట్టారు. ఆయన గంట ముందే బయల్దేరాడు.

ఎవరో అరిచారు. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి ఆపరేటర్ గారు అడ్డకర్ర కిందనుంచి గుంటలోకి జారి, ఒక కాలు మోకాలిదాకా పచ్చి కాంక్రీటులో దిగబడి, రెండు చేతులూ అందులోనే ఆనించి ఉన్నాడు. ఇద్దరు పనివాళ్ళు రెక్కలు పట్టి పైకి లాగారు. సిమెంటు ఒంటిమీద ఆరితే చర్మం కాలుతుంది, అందుకని లాండ్రీ లోపలికి తీసుకెళ్ళి కుళాయి కింద కాళ్ళూ చేతులూ కడిగారు. ఎముకలేమీ విరగలేదు. అరచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు గీరుకుంది. కంచెలక్క బూటులోని మాలు వేలితో తీసి పారేస్తూ, "నొప్పిగా ఉందాండీ, నొప్పిగా ఉందాండీ" అని అడిగిందే అడిగింది.

ఈలోపు బయట తమ్ముడు ఏం చేశాడంటే, అవతలి చివర్లో ఉన్న కర్రపలకని పీకి తెచ్చి ఇక్కడి కొక్కేల్లో పెట్టేశాడు. వాడి భయమల్లా ఎనిమిదింటికి వచ్చే ఇంజినీరు గురించి. అంతకుమించి వాడు ఇంకేమీ ఆలోచించలేదు, అది మాత్రం నిజం.

ఆపరేటర్ గారు లాండ్రీలోంచి బయటికొచ్చి కర్ర అడిగి తీసుకున్నాడు. "ఒక్క నిమిషం, నన్ను వదలండి" అన్నాడు. పది అడుగులు వెనక్కి వెళ్ళి, పొద్దున వచ్చినట్టే కర్ర ఊపుకుంటూ మళ్ళీ వచ్చాడు. కర్ర పలకకి తగిలి టక్కుమంది. ఆగాడు. వంగి చేత్తో తడిమాడు. ఇంకోసారి కొట్టి చూశాడు.

"ఉంది" అన్నాడు. "పలక ఉంది. నేనే చూసుకోలేదు. మీ పని పాడుచేశాను, ఏమీ అనుకోకండి."

కంచెలక్క నోరు తెరిచింది. తమ్ముడు ఆమెకేసి చూశాడు. అప్పుడే ఇంజినీరు స్కూటరు మలుపు తిరిగింది.

"అయ్యో, పర్లేదు సార్, ఒక్కోసారి అలా అవుతుంటుంది" అన్నాడు మేస్త్రీ.

విన్నారా? పడేసినవాడు పడ్డవాణ్ణి పెద్దమనసుతో క్షమించేశాడు. ఇంజినీరు రిజిస్టరు తీసి, కంచె సక్రమంగానే ఉందనీ, పాదచారి పొరపాటున అడ్డు దాటాడనీ రాశాడు. కంచె బాధ్యురాలు సంతకం పెట్టాలి. పెట్టింది. పెన్ను కనీసం తడబడలేదు, ఆ సంగతే ఆమెని తరవాత ఎక్కువ తినేసింది.

మర్నాడు ఎనిమిదీ నలభైకి ఆపరేటర్ గారు భార్య మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. తెల్ల కర్ర మడిచి సంచీలో ఉంది. "కంచెలక్కగారూ" అని పిలవలేదు. ఆమె "రండి సార్" అంటే తల ఊపి, అడుగులో అడుగు వేసుకుంటూ, కొత్తగా నడక నేర్చుకున్నవాడిలా వాలు దిగాడు. ఆ మర్నాడూ అంతే. ఆదివారం పోయాక మళ్ళీ అంతే.

భార్య బేకరీలో పొద్దుటి షిఫ్టు మనిషి. బేకరీ చొక్కామీద ఇంకా పిండి ఉండేది. ఆయన్ని క్లినిక్‌లో దింపి తిరిగి పరుగెత్తేది. ఒక రోజు ఆయాసం వచ్చి కంచెలక్క దగ్గర బోర్లించిన బకెట్‌మీద కూలబడింది.

"రోజూ మీరే తీసుకొస్తున్నారేంటమ్మా?" అని అడిగింది కంచెలక్క, తెలియనట్టు.

"ఏం చెయ్యనక్కా. ఇరవై రెండేళ్ళు ఒంటరిగా తిరిగిన మనిషి. పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికి కూడా మూడు వీధులు దాటి ఒక్కడే వచ్చాడు, మా నాన్న నోరు తెరుచుకుని చూశాడు. ఇప్పుడేమో గుమ్మం దాటాలంటే చెమటలు పడుతున్నాయి. పలక అక్కడే ఉందట, కర్ర తగిలే ఉంటుందట, తన చేతికే తెలియలేదట. అదొకటే పాట. ఇంట్లో గ్లాసు పట్టుకున్నా నిజంగా పట్టుకున్నానా లేదా అని రెండో చేత్తో తడుముకుంటున్నాడు."

"డాక్టరుకి చూపించారా?"

"క్లినిక్‌లోనే చూపించాను. సూదితో గుచ్చి చూసి నరాలు బాగున్నాయన్నారు. ఎవరైనా సంతోషిస్తారు కదా? ఈయన ఇంకా కుంగిపోయాడు. చెయ్యి బాగుందంటే తేడా బుర్రలో ఉన్నట్టేగా అంటాడు." ఆమె చొక్కామీది పిండి దులుపుకుంది. "షిఫ్టు మధ్యలో ఇలా బయటికి రావడం ఇక కుదరదన్నారు. వేరేవాళ్ళు తీసుకొస్తానంటే ఈయన ఒప్పుకోడు. వచ్చే శుక్రవారం రాజీనామా ఇచ్చేస్తానని కాయితం కూడా చెప్పి రాయించుకున్నాడు. ఇక ఇంట్లో కూర్చుంటాడట. ఆ ఫోన్లే ఆయన ప్రాణం అక్కా."

ఇదంతా విని కూడా నిజం దాచడం ఒక మనిషి చెయ్యాల్సిన పనేనా అంటే, కాదు. కంచెలక్కకీ తెలుసు కాదని. కానీ ఏ ముఖం పెట్టుకుని చెప్తుంది? ఒక్కరోజు దాటిన మాట రెండో రోజుకి రెట్టింపు బరువెక్కుతుంది, వారం దాటేసరికి నోటిదాకా లేపడమే కష్టం. "అలాగా అమ్మా" అంది. ఆవిడ లేచి బేకరీకి పరుగెత్తింది.

ఆ రోజునుంచి కంచెలక్కకి తిండి సయించలేదు. కంచె కడుతూ కట్టిన పలకనే మళ్ళీ మళ్ళీ కదిపి చూసేది. పనివాళ్ళు అడిగితే పలక ఇవ్వననేది. ఒళ్ళంతా అలసట, పడుకున్నా తీరని అలసట. ఇలాంటిది వయసువల్ల రాదని ఆమెకి తెలుసు.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ తమ్ముడి పక్కన కూర్చుని చెప్పేసింది. "రేపు ఆయనకి నిజం చెప్తాను."

వాడు నములుతున్నది ఆపాడు. "ఏం చెప్తావు?"

"పలక లేదని. నేనే తీసి ఇచ్చానని."

"ఆ తరవాత?"

"తరవాత ఏముంది. ఆయన కర్ర పట్టుకుంటాడు."

"నా సంగతి? నా మేస్త్రీ పని ఉంటుందా అక్కా? నలభై అయిదేళ్ళొచ్చాయి నాకు. మళ్ళీ తట్ట మొయ్యమంటావా?" వాడి గొంతులో కోపంకంటే బెదురే ఎక్కువ. "నేనేమన్నా కావాలని చేశానా? ఇంజినీరు చూస్తాడని పెట్టాను. ఆయన్ని మోసం చెయ్యాలని పెట్టలేదు."

"నాకు తెలుసురా."

"వారంలో ఇక్కడ పనైపోతుంది. వేరే వీధికి పోతాం. ఆయనే మర్చిపోతాడు."

"మర్చిపోడు. ఆయనకి పిచ్చెక్కిందనుకుంటున్నాడు తమ్ముడూ. మనం పెట్టిన పలకని పట్టుకుని, తనకే మతి పోయిందనుకుంటున్నాడు."

వాడు డబ్బా మూసేశాడు. "రిజిస్టర్లో ఉన్నది నీ సంతకం" అన్నాడు. అది బెదిరింపో, జాగ్రత్త చెప్పడమో వాడికే తెలిసినట్టు లేదు.

"అవును, నాదే" అంది.

శుక్రవారం పొద్దున ఆమె వాలు రేకు దగ్గర నిలబడి ఎదురుచూసింది. చీపురు చేతిలో ఉంది కానీ ఊడవలేదు. ఎనిమిదీ నలభైకి ఇద్దరూ వచ్చారు. ఆయన చొక్కా జేబులో మడిచిన కాయితం కనపడుతోంది.

"సార్, ఆగండి" అంది. ఆలోచిస్తే మళ్ళీ నోరు పడిపోతుందని ఒక్క గుక్కలో చెప్పేసింది. "మీరు పడ్డ రోజు ఇక్కడ కింది పలక లేదు. కాంక్రీటుకి కావాలంటే నేనే తీసి ఇచ్చాను. మిమ్మల్ని లాండ్రీలో కడుగుతున్నప్పుడు అవతలినుంచి ఒకటి తెచ్చి పెట్టారు. మీరు రెండోసారి కర్రతో కొట్టింది దాన్ని. మీ చెయ్యి తప్పలేదండీ. తప్పంతా మాది."

పనివాళ్ళ చేతుల్లో పారలు ఆగిపోయాయి. మేస్త్రీ తాపీ పక్కన పెట్టి గోడౌను గోడకేసి తిరిగి నిలబడ్డాడు. భార్య ఏదో అనబోతే ఆపరేటర్ గారు చెయ్యెత్తి ఆపాడు.

"ఎంత మేర తీశారు?"

"రెండు మీటర్లు."

"ఎన్నింటికి?"

"ఏడున్నర దాటాక."

"నేను వచ్చింది ఏడూ నలభై అయిదుకి." ఆయన తనలో తను ఆ రోజుని మళ్ళీ నడుస్తున్నట్టు తల కొంచెం వంచాడు. "నా కర్రకి ఏమీ తగల్లేదు. అవును. తగల్లేదు. నేను అదే అనుకున్నాను ముందు."

"అవునండి."

"ఇంకోసారి చెప్పండి."

ఆమె ఇంకోసారి చెప్పింది. ఈసారి ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు కూడా. భార్య కూడా ఏడుస్తోంది, కానీ ఆ ఏడుపు వేరు. "పది రోజులక్కా" అంటోంది, "నీ పక్కన కూర్చుని చెప్పుకున్నానే, అప్పుడైనా అనలేదే." రిజిస్టరులో రాసింది ఇంజినీరు దగ్గర దిద్దిస్తానని మాత్రం కంచెలక్క చెప్పింది.

ఆయన భార్య మోచెయ్యి వదిలేశాడు. సంచీలోంచి కర్ర తీసి, ఒక్కొక్క మడతా విప్పి బిగించాడు. జేబులో కాయితాన్ని నాలుగు ముక్కలుగా చింపి భార్య చేతిలో పెట్టాడు. "నువ్వు బేకరీకి వెళ్ళు, ఆలస్యమవుతుంది" అన్నాడు. ఆయన గొంతు గట్టిపడింది, పాత గొంతు. కంచెలక్కకి గుండెలమీదనుంచి బరువు దిగినట్టయింది. ఇక నడుస్తాడు, చాలు, పోతే పోయింది పని అనుకుంది.

కానీ ఆయన కదల్లేదు.

"కంచెలక్కగారూ, ఇంకొకటి అడుగుతాను. మార్కెట్ వెనక సందులో నాలుగేళ్ళ కిందట ఫుట్‌పాత్ తవ్వారు. ఆ కంచె ఎవరు కట్టారు?"

"నేనేనండి."

"అక్కడా పడ్డాను. ఎవరో వచ్చి లేపారు. కంచె ఉంది కదా, చూసుకోవద్దా అన్నారు. అది మా అక్క ఇంటికెళ్ళే దారి. ఇక ఆ దారి నావల్ల కాదనుకుని మానేశాను. నాలుగేళ్ళనుంచి మా అక్కే నాకోసం రెండు బస్సులు మారి వస్తోంది, మోకాళ్ళు పట్టుకుని." ఆయన గొంతు తగ్గించాడు. "అక్కడా పలక తీశారా?"

ఆమె కళ్ళు మూసుకుని వెతికింది. సందు గుర్తొచ్చింది. మురుగు కాలవ గుర్తొచ్చింది, వానకి గుంట నిండిపోవడం, నీళ్ళు తోడలేక తమ్ముడు విసుక్కోవడం గుర్తొచ్చింది. పలక గుర్తు రాలేదు. గుర్తు పెట్టుకోవాల్సిన పని అని ఆ రోజుల్లో ఎవరనుకున్నారు? అక్కడ తీశారో లేదో, ఆ మాటకొస్తే ఇన్నేళ్ళలో ఏ వీధిలో తీశారో, ఏ వీధిలో తియ్యలేదో ఆమెకి తెలియదు.

"గుర్తు లేదండి" అంది.

"గుర్తు తెచ్చుకోండి" అన్నాడాయన. క్లినిక్ తలుపులు తీసే వేళ అవుతోంది. ఆయన కర్ర నేలకి ఆనించి, రెండు చేతులూ దానిమీద పెట్టుకుని, ఆమె జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు.